యాభై కండెల దూరం

సిరిసిల్లలో ఒక సాలెవారి ఇల్లు. వేసవి, పొద్దున పది దాటింది. పద్దెనిమిది రోజుల బాలింత సరోజన రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఎదురుగా అత్త లస్మవ్వ.

“...ఇర్వై ఏడు. అడ్డం రాకు అత్తమ్మ, లెక్క తప్పుతది.”

“లెక్కనా? ఏం లెక్కనే?”

“కండెల లెక్క. నేను గంటకు ఇర్వై కండెలు సుడుత. రెండున్నర గంటలకు యాభై. యాభయ్యో కండె నిండిందంటె విమానం బొంబాయిల దిగినట్టు.”

“ఓ పోరీ. మంచంల పండాల్సినదానివి. ఇప్పుడే రాట్నం ముందల కూసుంటె నడుము ఏంగావాలె? ఎవలన్న సూస్తె నన్నే అంటరు. పచ్చి బాలింతతోని కండెలు సుట్టిస్తున్నది లస్మవ్వ అని.”

“పండుకుంటె ఊపిరాడుతలేదు. ఇర్వై ఎనిమిది.”

“ఎప్పుడు మొదలువెట్టినవ్?”

“బడిల తొమ్మిది గంట గొట్టంగనే. హైదరాబాద్ పట్నంల తొమ్మిదింటికి లేస్తదని నీ కొడుకే జెప్పె గద. పట్నంల లేసుడు, బొంబాయిల దిగుడు. నడుమ యాడ ఆగదట.”

“గంత గిరగిర తిప్పుతున్నవ్. నువ్వు జల్ది తిప్పితె అది జల్ది పోతదా?”

“పోదు.”

“మరి?”

“జల్ది తిప్పితె యాభై ముందుగాల్నే అయిపోతయి, విమానం ఇంక మీదనే ఉంటది. నిమ్మలంగ తిప్పితె వాళ్లు దిగినంక గూడ నేను ఇంక ఫికర్ వడుతనే ఉంట. గందుకే ఒక్క తీరు తిప్పుతున్న. నువ్వు మాట్లాడిస్తె చెయ్యి ఆగుతది.”

“మాట్లాడ తియ్.”

“ఇర్వై తొమ్మిది.”

“ఇగో, అది ఎంత మీదికి పోతదట?”

“అత్తమ్మ.”

“ఊకె అడుగుతున్న.”

“మబ్బుల మీదికి.”

“మబ్బుల మీద సలి వెట్టదా మరి పోరనికి? బొంత ఇచ్చినవా?”

“ఇచ్చిన. నీ పాత చీరలు కుట్టిన బొంతనే. టోపి వెట్టిన. చెవులల్ల దూది వెట్టుమని జెప్పిన. వెట్టిండో, మరిసిండో.”

“వెడుతడు. మా పర్శరాములు ఆరేండ్లు బొంబాయి మిల్లుల పని జేసిండు. వానికి తెల్వంది లేదు.”

“మిల్లు తెలుసు. పద్దెనిమిది రోజుల పోరని ఎత్తుకునుడు తెలుసా?”

“కన్న తండ్రికి తెల్వదా?”

“ఇన్ని రోజులల్ల ఎన్నిసార్లు ఎత్తుకున్నడు? రెండుసార్లు. రెండుసార్లు నేనే ఒడిల వెట్టిన. మెడ కింద చెయ్యి వెట్టాలె, మెడ కింద చెయ్యి వెట్టాలె అని మొత్తుకున్న. ముప్పై.”

“ముప్పై అంటె యాడిదాక పోయినట్టు?”

“సగం దాటింది. అంతయ్య పంతులు కాయితం మీద రాసిచ్చిండు. పట్నంకెల్లి బొంబాయికి మూడు వందల ఎనభై మైళ్లట. రెండున్నర గంటలకు భాగారం జేసిన, కండెకు ఏడున్నర మైళ్లు వచ్చింది.”

“నాలుగో తరగతిల బడి మాన్పించిర్రు నిన్ను. ఇంక యాదున్నదా భాగారం?”

“యాదుంది. ఏడున్నర మైళ్లంటె మన సిరిసిల్లకెల్లి ఏములాడ. ఒక్క కండె నిండెవరకు ఏములాడల ఉంటది విమానం.”

“ఏములాడ పోవాల్నంటె నాకు సగం పొద్దు వడుతది. గట్లెట్ల పోతదే? అబద్ధాలు జెప్పిండు పంతులు.”

“పంతులు ఎందుకు అబద్ధాలు జెప్తడు?”

“ఏమో, బాలింతవు, పరేషాన్ ల ఉన్నవని జెప్పిండేమో. ధైర్యానికి.”

“అనకు గట్ల.”

“సరె, అన తియ్.”

“పాలు ఎట్లనో. సీసల పిండి ఇచ్చిన గని, నిన్న పొద్దున బస్సెక్కినప్పటి పాలు. గీ ఎండలకు పట్నం జేరెవరకే విరిగిపోయి ఉంటయి.”

“పట్నంల మా చెల్లె బిడ్డ ఉంది గద. రాత్రి ఆడనే పండిర్రు గద. ఆవుపాలు కాశి ఇస్తది, దూది వత్తితోని పట్టిస్తరు.”

“వాడు వత్తి చప్పరిస్తడా అత్తమ్మ? నా రొమ్మే నాలుగుసార్లు గుంజి అలిసిపోతడు. మూతి నీలం గొడుతది. అప్పుడు తియ్యాలె. జరసేపు ఎద మీద పండవెట్టుకోవాలె. మల్ల ఇయ్యాలె. ఎప్పుడు తియ్యాల్నో ఎప్పుడు ఇయ్యాల్నో నాకు ఒక్కదానికే ఎరుక.”

“నిన్న పోయెటప్పుడు గోర్లు జర ఎర్రగనే ఉండె.”

“నీలంగ ఉండె.”

“నాకు ఎర్రగనే కనవడ్డయి.”

“కరీంనగర్ దవాఖానల డాక్టరు సాబ్ ఏం జెప్పిండు? నువ్వు గూడ ఇన్నవ్ గద. గుండెల తొర్ర ఉంది, ఆపరేషన్ జేసెటోళ్లు బొంబాయిల ఉన్నరు, రైలుల ఒక పగలు ఒక రాత్రి అంటె పోరడు తట్టుకోడు, విమానంల తీస్కపోండ్రి అన్నడు. రెండున్నర గంటలు ఒడిల వెట్టుకొని కూసుంటె సాలన్నడు. నేను కూసుంటుంటి. రెండున్నర గంటలు కదలకుంట కూసుంటుంటి.”

“మల్ల గదే మాట.”

“గదే మాట.”

“నూలు సేటు ఒక్క టికెట్టే ఇప్పిచ్చె. ఇద్దరెట్ల పోతరు?”

“ఇద్దరెందుకు? గా ఒక్క టికెట్టు మీద నేనే పోతుంటి.”

“నువ్వు! బొంబాయిల దిగి ఏం జేస్తుంటివి? మరాఠి వస్తదా? హిందీ వస్తదా?”

“పోరని సూపిస్తుంటి. పోరని సూస్తె డాక్టర్లకు అర్థంగాదా?”

“బాలింత ఏరు దాటద్దు బిడ్డ. ఇర్వై ఒక్క దినం దాక దాటద్దు. ఇది నేను వెట్టిన నియమం గాదు.”

“మానేరుల నీళ్లేయి అత్తమ్మ? ఉత్త ఇసుక. ఆవులు పండుకుంటున్నయి అండ్ల.”

“ఇసుకుంటె ఏరు గాకపోతదా?”

“మరి వాడు దాటలేదా? బాలింత దాటితె గండం, పసిపోరడు దాటితె గండం లేదా?”

“వాడు తండ్రి ఒడిల దాటిండు. గిట్ల సూడకు నన్ను. మానేరు ఒక్కటి గాదు. పట్నంకు, బొంబాయికి నడుమ ఎన్ని ఏర్లు ఉన్నయో నీకు తెలుసా? మంజీర ఉన్నది, భీమ ఉన్నది, ఇంక ఏమేమున్నయో.”

“విమానం వాటి మీదికెల్లి పోతది. కాలు తడువది, చక్రం తడువది. మబ్బుల మీదికెల్లి పోతె దాటినట్టా?”

“నీడ వడదా?”

“ఏంది?”

“విమానం నీడ ఏట్ల వడదా? నీడ వడితె దాటినట్టే.”

“అత్తమ్మ, నీకు దండం వెడుత. ముప్పై మూడు. ముప్పై నాలుగా? సూడు, తప్పిన.”

“ముప్పై మూడే.”

“నీకెట్ల తెలుసు?”

“నేను గూడ లెక్కవెడుతున్న.”

“నువ్వా?”

“లోపట్నె. నువ్వు తిప్పు, తిప్పు. చెయ్యి ఆపకు.”

“టికెట్టు మీద పేరు రాయాల్నట. ఒడిల పోరని పేరు గూడ. పేరు వెట్టకముందే పంపిస్తిమి. ఏం పేరు రాపిచ్చిండో.”

“ఇర్వై ఒకటికి తొట్లెల ఏసి వెడుదామనుకుంటి నేను.”

“ఏం పేరు అనుకున్నవ్?”

“అడుగకు. తొట్లెల ఎయ్యకముందు నోట్లకెల్లి తియ్యద్దు.”

“ముప్పై ఎనిమిది.”

“అంబలి కలుపుకొస్త, తాగుతవా?”

“యాభై అయినంక.”

“జొన్న అంబలే. సల్ల పోసి...”

“ఆగు. అత్తమ్మ, ఆగు.”

“ఏమైందే?”

“పాలు వచ్చినయి. ఒక్కసారే, రెండు దిక్కుల. రైకంత తడిసింది సూడు.”

“పోరడు ఏడుస్తున్నట్టుంది. యాడ ఉన్నా తల్లికి ఎరుకైతది. మా పర్శరాములప్పుడు నేను చేన్ల ఉంటె, ఇంట్ల వాడు ఏడిస్తె నాకు గిట్లనే అయ్యేది.”

“ఏడుస్తుండంటె మంచిగున్నట్టే గద?”

“మంచిగున్నట్టే. ఏడ్సెటోనికి ఏంగాదు.”

“ఇది ఎన్నో కండె?”

“నలభై రెండు.”

“ఇంక ఎనిమిది. ఇర్వై నాలుగు నిమిషాలు. ఏడువకురా నా తండ్రీ, దిగుతున్నవ్. బాపు తాన్నే ఉన్నవ్. దిగుతున్నవ్.”

“జర లేసి పాలు పిండుకో. సలుపుతది.”

“లేస్తె లెక్క తప్పుతది. నలభై మూడు.”

“నేను వెడుత లెక్క, నువ్వు లే.”

“నేను కండె సుట్టకపోతె నువ్వు దేన్ని లెక్కవెడుతవు?”

“అది గూడ నిజమే. సరె తిప్పు. గిదే తీరు తిప్పు.”

“నలభై నాలుగు.”

“...”

“నలభై ఏడు.”

“ఏములాడ, ఏములాడ, ఏములాడ. మూడే ఏములాడలు బిడ్డ.”

“నవ్వియ్యకు అత్తమ్మ.”

“నవ్వు. పొద్దటిసంది ఇప్పుడే నవ్వినవ్.”

“నలభై తొమ్మిది. ఇగో, నిండుతుంది. నిండింది. యాభై.”

“దిగిందా?”

“దిగింది.”

అదే రోజు, పొద్దు వాలే వేళ. మధ్యాహ్నం ఊళ్లోకి వెళ్లిన లస్మవ్వ అప్పుడే తిరిగి వచ్చింది.

“సరోజన. ఓ సరోజన. తలుపు దగ్గరేసుకొని కూసున్నవేందే?”

“ఎండ గొడుతుందని ఏసిన.”

“ఎండేది? ఎండ వోయి ఎంతసేపాయె. ఇగో, నేను అంతయ్య పంతులు తానికే పోయిన. నువ్వు జెప్పింది నిజమేనే. పటం తీసి సూపించిండు. పట్నం గీడ, బొంబాయి గీడ. నడుమ జానెడు గూడ లేదు బిడ్డ. నా బొటనేలంత ఉంది.”

“ఔనా.”

“మూడు వందల ఎనభై మైళ్లే. నడిస్తె నెల వడుతదట. రైలుల ఒక పగలు ఒక రాత్రి. విమానంల రెండున్నర గంటలు. మూడుసార్లు జెప్పిచ్చుకున్న. ‘ఏం లస్మవ్వ, బొంబాయి పోతున్నవా’ అని నవ్విండు పంతులు. పోతె పోత అన్న. అటెన్క మన వాడకట్టు పోశవ్వ ఇంట్ల కూసున్న. లేసెవరకు వాళ్లింటి గడియారంల రెండున్నర గంటలు గడిసినయి. ముచ్చట వెట్టినంతసేపట్ల బొంబాయి. ఏం లోకమే ఇది.”

“ఔ.”

“ఏం ఔ? పొద్దుగాల నోరు మూయకుంట లెక్కవెట్టినదానివి. ఇప్పుడు మాటే లేస్తలేదు. అంబలి తాగినవా?”

“తాగిన.”

“యాడ తాగినవ్? ముంత అట్లనే ఉంది.”

“తాగుత.”

“పాలు పిండుకున్నవా?”

“లేదు.”

“గడ్డలు గడుతయే. జరమొస్తది. దా, నేను పిండుత.”

“ముట్టుకోకు అత్తమ్మ.”

“రాయి లెక్క అయినయి గద.”

“కానీ. ఉండనీ.”

“ఉండనీ అంటె ఎట్ల? వాడు వచ్చెవరకు పాలు పారుతుండాలె గద. నొస్తున్నదా?”

“నొస్తలేదు.”

“పోస్టు హనుమండ్లు మన వాకిట్ల సైకిలు ఆపిండట? పోశవ్వ ఆడిబిడ్డ సూసిందట. ఏమన్న తెచ్చిండా? దిగంగనే పోస్టాఫీసుల తార్ గొడుతనన్నడు గద మావోడు.”

“మంచినీళ్లు తాగిండు.”

“నీళ్ల కోసం ఆగిండా?”

“ఎండల తిరిగి వచ్చిండు. ఇచ్చిన. తాగిండు. జరసేపు నిలవడ్డడు.”

“నిలవడి ఏమన్నడు?”

“అత్తమ్మ యాడికి పోయింది అన్నడు.”

“గంతేనా?”

“ఎవల్నన్న పిలువాల్నా బిడ్డ అన్నడు. వద్దన్న.”

“ఎందుకు పిలుసుడు?”

“ఇంట్ల బాలింతను ఒక్కదాన్నే ఉన్న గద. గందుకు.”

“మంచోడే పాపం హనుమండ్లు. తార్ రేపు వస్తది తియ్. దిగి, దవాఖాన దేవులాడుకొని, పోరని చేర్పించి... వానికి తీరిక ఉండద్దా?”

“తీరిక ఉండద్దా మరి.”

“ఆపరేషన్ అంటె పెద్ద బుక్కుల పేరు రాసుకుంటరట. పంతులు జెప్పిండు. ఏం పేరు రాపిచ్చిండో.”

“మామ పేరు వెట్టిండు.”

“ఏంది?”

“మామ పేరు.”

“నీకెట్ల తెలుసు?”

“...గట్లనే వెడుతడనిపించింది.”

“అనిపించిందా. వెడుతడు. వెడుతడు నా కొడుకు. అయ్య పేరు యాడ ఇడుస్తడు? నేను గదే అనుకున్న సరోజన. నోట్లకెల్లి తియ్యలే గని, కడుపుల గదే ఉండె. నువ్వు కన్న నాడే అనుకున్న, మీ మామ తిరిగొచ్చిండని. గా ముక్కు జూసినవా?”

“సూసిన.”

“అయితె నేను వాన్ని పేరు వెట్టి పిలువరాదు. మొగని పేరు ఎట్లంట? తాతా అని పిలుస్త. ఓ తాతా, అన్నం దిందువు రా అంట. పోరలు నవ్వుతరు. నవ్వనీ... ఏడుస్తున్నవా నువ్వు?”

“లేదు.”

“ఏడుస్తున్నవ్. నాకెరుక, నా మీద కోపం నీకు. కండె సుట్టెటప్పుడు నువ్వు సూసిన సూపునే యాది జేసుకుంట పోయిన పోచమ్మ గుడి దాక. ఇగ నీకొక్క మాట జెప్త. ఎవలకు జెప్పలే. పర్శరామునికి గూడ తెల్వది.”

“ఇప్పుడెందుకు అత్తమ్మ.”

“ఇప్పుడే. రజాకార్ల లొల్లి నాడు నేను బాలింతను. ఆడివిల్ల. తొమ్మిదో దినం. ఊరంత పారిపోతుంటె నేను గూడ పారిపోయిన, పిల్లను బొడ్డుల కట్టుకొని. మానేరుల మోకాలు బంటి నీళ్లు. దాటి అవ్వలి ఒడ్డుకు పోయి మూట ఇప్పితె పిల్ల లేదు. పానం లేదు. మా అత్త అన్నది, తొమ్మిదో దినం ఏరు దాటితివి, గందుకే పోయింది అని. పదిహేనేండ్లాయె. పిల్ల నా వల్లనే పోయిందనుకుంటనే బతికిన. గందుకు ఆపిన నిన్ను. నీ మీద పంతానికి గాదు.”

“నీ వల్ల పోలేదు అత్తమ్మ.”

“ఏరు దాటిన గద.”

“ఏరు వల్ల గాదు. దాటకున్నా...”

“దాటకున్నా?”

“ఏం లేదు. నీ వల్ల గాదు. గది ఒక్కటి మనసుల వెట్టుకో. ఏం జరిగినా నీ వల్ల గాదు.”

“నువ్వు మంచిదానివే. నాకే తెలివి లేకపాయె. పోశవ్వ ఏమన్నదో తెలుసా? ‘నియమం తల్లి కోసం వెట్టిర్రు, పిల్ల కోసం వెట్టిర్రు. తల్లి ఒక దిక్కు, పిల్ల ఒక దిక్కు ఉంటె ఎవల కోసం నీ నియమం’ అన్నది. లేసి సక్కగ వచ్చిన. ఇను. రేపు పొద్దుగాల మొదటి బస్సు. నిన్ను నేనే తోలుకపోత.”

“యాడికి?”

“యాడికంటవేందే? బొంబాయికి. మానేరు దాటుదాం. మంజీర దాటుదాం, ఏ ఏరు అడ్డమొస్తె గది దాటుదాం. గండం ఉంటె నా మీద వడనీ. విమానం మనకు దొరుకది. రైలుల ఒక పగలు ఒక రాత్రి. ఎల్లుండి కల్ల వాడు నీ ఒడిల ఉంటడు. నీ పాలు తాగి ఆపరేషన్ కు పోతడు, బలం ఉంటది.”

“అత్తమ్మ.”

“మూట గట్టు. రెండు చీరలు వెట్టుకో. కారప్పొడి నేను...”

“అత్తమ్మ, పోశవ్వ ఇంట్ల మల్లెచెట్టు పూసిందా?”

“మల్లెచెట్టా? పూసింది. చెట్టు కనవడకుంట పూసింది. ఎందుకు?”

“రెండు దోసిళ్ల పూలు తెస్తవా.”

“పూలెందుకే ఇప్పుడు? పచ్చి బాలింత సిగల పూలు వెట్టద్దు... సరె తియ్, వెట్టుకో. ఏరు దాటుమన్నదాన్ని, పూల కాడ అడ్డం జెప్తనా? మొగని తానికి పోతున్నవ్. దండ గుచ్చి తేవాల్నా?”

“గుచ్చద్దు. ఇడి పూలే తే. బట్టల మూట గట్టాలె.”

“సిగల మూటెట్ల వెట్టుకుంటవ్?”

“సిగలకు గాదు అత్తమ్మ. రొమ్ములకు గట్టు, పాలు ఎండిపోవాలె. పిల్లగాడు బొంబాయి దాక పోలేదట.”